మిన్స్ పైలో మన నేతగాడి వాటా

చోడవరంలో వేటమాంసం కూరలో బెల్లం వేస్తానంటే ఏ ఇంట్లోనూ ఒప్పుకోరు. చుట్టూ చెరకు తోటలు, పక్కనే గోవాడ చక్కెర ఫ్యాక్టరీ, కాస్త దూరంలో అనకాపల్లి బెల్లం మార్కెట్టు. అయినా తీపి తీపే, కూర కూరే. మాంసంలో కాయ వేయడమంటే మనకు పులుపు కోసమే: మామిడికాయో, చింతకాయో. నాలుగు వందల ఏళ్ల కిందటి ఇంగ్లండు వంటిళ్లలో ఈ హద్దు లేదు.

1615లో ఇంగ్లిషు రచయిత జెర్వేజ్ మార్కమ్ గృహిణుల కోసం అచ్చు వేయించిన పుస్తకంలో, పిండి పెట్టెలో మాంసం నింపి కాల్చే మిన్స్ పై చేసే పద్ధతి ఉంది. గొర్రె తొడ మాంసాన్ని ఎముక నుంచి తీసి ఉడికించాలి. మూడు పౌన్ల కొవ్వు, అంటే కిలోన్నరకు కాస్త తక్కువ, చేర్చి సన్నగా తరగాలి. ఉప్పు, లవంగం, జాపత్రి పట్టించాలి. కడిగి ఏరిన ఎండుద్రాక్ష, ఎండు ప్లమ్ పండ్లు, తరిగిన ఖర్జూరాలు, నారింజ తొక్కలు కలపాలి. దాన్ని పిండితో కట్టిన పెట్టెలో నింపి, మూత వేసి కాల్చాలి. వడ్డించేటప్పుడు మూత తెరిచి, మాంసం మీద చక్కెర ధారాళంగా చల్లాలి. చక్కెర ఖరీదైన ఆ రోజుల్లో అది కలవారి దర్జా.

అసలు పనితనం ఆ పిండి పెట్టెలో ఉంది. మనం చెక్కలకు మరిగే నీళ్లు పోసి పిండి కలిపినట్టే, ఇలా నిలబడే పైలకు నీళ్లలో కొవ్వు కరిగించి గోధుమపిండిలో పోస్తారు. చెయ్యి ఓర్చుకునేంత వేడి ఉండగానే బొటనవేళ్లతో నొక్కుతూ గోడలు పైకి లేపాలి. చల్లారితే పిండి పగులుతుంది. మన ఓవెన్‌లో మేకమాంసంతోనూ ఈ పై కుదురుతుంది. కాకపోతే వేడిగా తినాలి. ఆరితే కొవ్వు తెల్లగా పేరుకుని నాలుకకు అంటుకుంటుంది.

ఇక లవంగం, జాపత్రి సంగతి. అప్పట్లో లవంగం మొలక్కా దీవుల్లో, జాపత్రి బండా దీవుల్లో మాత్రమే పండేవి. అక్కడివాళ్లకు వెండి కంటే కోరమండల్ తీరపు బట్టల మీద మక్కువ ఎక్కువ. వాటికి అద్దిన చిరివేరు ఎరుపు ఎన్ని ఉతుకులకైనా వెలిసేది కాదు. అందుకే ఆ బట్టలు కొనడానికి డచ్చివాళ్లు మచిలీపట్నంలో కొట్లు తెరిచారు. 1611లో ఇంగ్లిషు కంపెనీ ఓడ గ్లోబ్ నిజాంపట్నం, మచిలీపట్నం రేవులకు వచ్చి, ఇక్కడి బట్టలు తీసుకుని తూర్పు దీవుల వైపు సాగింది. మార్కమ్ పుస్తకం వెలువడింది ఆ తర్వాత నాలుగేళ్లకు. 1682లో విశాఖపట్నంలో కంపెనీ కొట్టు పెట్టిందీ బట్టల బేరానికే. ఇంగ్లండు వంటల కథలో ఓడల పేర్లుంటాయి, వర్తకుల పేర్లుంటాయి. ఆ దినుసులకు బదులుగా చెల్లిన గుడ్డ నేసినవాడి ఊసే ఉండదు. ఇది అన్యాయం. బండా ప్రజల గతి మరీ ఘోరం: 1621లో జాజికాయ, జాపత్రి గుత్తాధిపత్యం కోసం డచ్చివాళ్లు ఆ దీవులను దాదాపు నిర్మానుష్యం చేశారు.

కాలక్రమంలో మిన్స్ పైలోంచి మాంసం మెల్లగా తప్పుకుంది. కరీబియన్ తోటల్లో బానిసల చెమటతో చక్కెర చవకైంది. ఫ్రెంచి పద్ధతి వంట పాకి తీపి భోజనం చివరికి జరిగింది. 1747లో హానా గ్లాస్ తన వంట పుస్తకంలో మాంసాన్ని ఇష్టమైతేనే వేసుకోమంది. 1861 నాటి మిసెస్ బీటన్ వంట పుస్తకంలో మాంసంతో ఒకటి, మాంసం లేకుండా ఒకటి, రెండు రకాలూ ఉన్నాయి. ఇప్పుడు క్రిస్మస్‌కు అమ్మే మిన్స్ పైలో మాంసం ఉండదు. కొన్నింటిలో పశువుల కొవ్వు మాత్రం ఇంకా ఉంటుంది కాబట్టి, శాకాహారులు డబ్బా మీది వివరాలు చదివి కొనడం మంచిది.

ఒకప్పుడు ఆ బట్టలు ఓడెక్కిన మచిలీపట్నం పక్కనే ఉన్న పెడనలో కలంకారీ అద్దకం నేటికీ సాగుతోంది. అటు వెళ్లినవాళ్లు ఒక్క దుప్పటైనా అద్దినవారి చేతి నుంచే, వారడిగిన ధరకే కొనండి.