ఎమర్జెన్సీ తలుపు

చూడ్డానికొచ్చిన అమ్మకో నాన్నకో అర్ధరాత్రి గుండెనొప్పి వస్తే, ఇన్సూరెన్సు లేదని ఎమర్జెన్సీకి తీసుకెళ్ళడానికి తటపటాయించేవాళ్ళు అమెరికాలో మనవాళ్ళలో ఉన్నారు. ఆ భయం ఉత్తదేమీ కాదు. 1980లలో ఇక్కడి ప్రైవేటు ఆసుపత్రులు డబ్బులేని రోగుల్ని అంబులెన్సెక్కించి ప్రభుత్వాసుపత్రికి తోలేసేవి. దానికి “డంపింగ్” అని పేరు, చెత్తకి వాడే మాటే! షికాగో కుక్ కౌంటీ ఆసుపత్రి డాక్టర్లు అలా వచ్చిన 467 మంది లెక్క తీసి 1986లో ప్రచురించారు. 87 శాతం మందిని పంపింది తగిన ఇన్సూరెన్సు లేకనే. 24 శాతం మంది పరిస్థితి నిలకడగానైనా లేదు.

ఆ ఏడాదే రీగన్ సంతకం చేసిన ఒక బడ్జెట్టు చట్టంలో ఇరికించిన నిబంధనే ఎమ్టాలా. మెడికేర్ తీసుకునే ఆసుపత్రి, ఎమర్జెన్సీకి ఎవరొచ్చినా ముందు పరీక్షించాలి. అత్యవసరమని తేలితే నిలకడ పడేదాకా వైద్యం చెయ్యాలి, తన వల్ల కాకపోతే చేయగల ఆసుపత్రికి పద్ధతిగా పంపాలి. ఏ వీసా అన్నది దీనికి అడ్డు కాదు.

ఖర్చెవరిదో మాత్రం చట్టం చెప్పలేదు. బిల్లు తర్వాత ఇంటికొస్తుంది, గట్టిగానే. లాభాపేక్ష లేని ఆసుపత్రుల్లో ఆర్థిక సహాయానికి దరఖాస్తు ఉంటుంది. అడిగి తీసుకోవాలి.