గ్రీష్మ విరామమున సంగీతయాత్ర : బాలిద్వీపము, మద్రాసు

అన్యదేశ సంగీతమును ఆ దేశమునకే పోయి, అచటి గురువు ఎదుట కూర్చుండి నేర్చుకొనవలెనను పద్ధతి అమెరికా విశ్వవిద్యాలయములలో ఇరువదవ శతాబ్ది నడుమ స్థిరపడినది. దాని చరిత్రను వ్రాయువారు సాధారణముగా సిద్ధాంతములతో ప్రారంభింతురు. యాప్ కున్‌స్ట్ 1950లో ఈ శాస్త్రమునకు ‘ఎత్నోమ్యూజికాలజీ’ అని పేరు పెట్టుట, మాంటిల్ హుడ్ 1960లో ‘ద్విసంగీత ప్రావీణ్యము’ అను వాదమును ప్రకటించుట మున్నగునవి వారు ఎన్నుకొను ఘట్టములు. ఆ ఘట్టముల ప్రాముఖ్యమును నేను కాదనను. కాని సిద్ధాంతముతో సమానముగా పనిచేసినది మఱియొకటి కలదని నా యభిప్రాయము. అది పంచాంగము. అమెరికా విద్యార్థికి తీరిక దొరకునది జూన్, జూలై, ఆగస్టు నెలలలో. ఆ మూడు నెలలలో ఏ దేశమున ఏ పాట వినబడునో, ఏ వాద్యము ఎంతవఱకు చేతికి లొంగునో, దానిని బట్టి ఒక సంగీతము సులభముగా సముద్రము దాటినది, ఒకటి సగము దాటినది.

తొలి యాత్రికులకు ఈ నిర్బంధము లేదు. డచ్చి దేశీయుడగు కున్‌స్ట్ 1919లో వయొలిన్ విద్వాంసుడుగా కచేరీలు చేయుచు జావాకు వచ్చి, 1934 వఱకు అచటనే నిలిచిపోయెను. ‘హిందూస్థాన సంగీతము’ అను గ్రంథమును 1914లో వెలువరించిన ఫాక్స్ స్ట్రాంగ్వేస్ 1910–11లో మన దేశమున సంచరించినాడు. కెనడాలో జన్మించిన స్వరకర్త కొలిన్ మెక్‌ఫీ గామెలాన్ సంగీతపు గ్రామఫోను పలకలను విని, 1931లో బాలిద్వీపమునకు పోయి, సాయాన్ గ్రామమున ఇల్లు కట్టుకొని, నడుమ నడుమ విరామములతో 1938 వఱకు నివసించెను. ఆతని ‘బాలిలో సంగీతము’ అను బృహద్గ్రంథము 1966లో, ఆతడు గతించిన రెండేండ్లకు, అచ్చయినది. వీరెవ్వరును సెలవుల లెక్క చూచుకొని పయనమైనవారు కారు.

హుడ్ ఆమ్‌స్టర్‌డామ్‌లో కున్‌స్ట్ వద్ద పరిశోధన చేసి 1954లో డాక్టరేటు పొందినవాడు. లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమున ఆతడు నెలకొల్పిన నియమము స్పష్టమైనది: పరసంగీతమును గూర్చి వ్రాయదలచినవాడు దానిని ముందు వాయింపవలెను. ఆతని శిష్యుడగు రాబర్ట్ బ్రౌన్ మద్రాసు వచ్చి మృదంగము నేర్చి, 1965లో దానిపై సిద్ధాంతగ్రంథము సమర్పించెను. ‘ప్రపంచ సంగీతము’ అను మాటను వెస్లియన్ విశ్వవిద్యాలయమున 1960 దశకపు తొలినాళ్ల ప్రచారమునకు తెచ్చినవాడును ఆతడే. 1987లో లండనులోని రికార్డు వ్యాపారులు ఆ మాటనే తమ అంగళ్ల అరలకు తగిలించిరి. పండితుడు పుట్టించిన పేరు వర్తకునికి ఉపకరించిన సందర్భములలో ఇది యొకటి.

శామ్యూల్, లూయీస్ స్క్రిప్స్ దంపతులు స్థాపించిన ప్రాచ్యకళా సంఘము 1960 దశకమున కాలిఫోర్నియాలో వేసవి పాఠశాలలు నడిపినది. 1974లో బర్క్‌లీలో ప్రపంచ సంగీత కేంద్రము వెలసినది. తరువాత బ్రౌన్ బాలిలోని పయంగాన్‌లో వేసవి శిక్షణలను ఏర్పఱచెను. మొదట గురువులు వేసవికి అమెరికా పోయిరి. పిమ్మట శిష్యులు వేసవికి ఆసియాకు వచ్చిరి.

బాలి ఈ యేర్పాటుకు అతికినట్లు సరిపోయినది. కారణములు వెదకినచో, మొదటిది అచటి కాలగణనమే. బాలిలోని పావుకోన్ అను సంవత్సరము 210 దినములది. చాల ఆలయములకు ‘ఒడలాన్’ అను ఉత్సవము ఈ లెక్కప్రకారము వచ్చును. కాబట్టి అది ఋతువులకు కట్టుబడి యుండక ఏడాది పొడవున తిరుగుచుండును. గ్రామమునకు సామాన్యముగా మూడు ముఖ్యాలయములు. అరువది దినములు నిలిచిన విద్యార్థి ఆ చక్రములో ఏడింట రెండు వంతులు చూచును. ఇరుగుపొరుగు గ్రామములను గూడ కలుపుకొన్నచో, వాద్యముల మ్రోత వినని వారము అతనికి అరుదు. అవి వానలు లేని నెలలు కూడ. 1979లో ప్రారంభమైన బాలి కళోత్సవము జూన్, జూలై నెలలలోనే జరుగుచున్నది.

రెండవ కారణము వాద్యనిర్మాణములో కలదు. గామెలాన్ ఒకని వాద్యము కాదు. కంచు పలకలు, ఘంటలు, మద్దెలలు కలిసిన సముదాయము. అందు కఠినమైన స్థానములును కలవు, నాలుగు స్వరములను నిదానముగా మ్రోగింపవలసిన స్థానములును కలవు. కొత్తవాడు మొదటి వారముననే మేళములో కూర్చుండగలడు. గురువు వాద్యమున కావలి ప్రక్క కూర్చుండి తలక్రిందుగా వాయించుచుండగా, శిష్యుడు ఆ సుత్తి కదలికను చూచి అనుకరించును. ఈ పద్ధతిని ‘మగురు పంగుల్’ అందురు. పంగుల్ అనగా సుత్తి. తొలి పదమున మన గురుశబ్దమే దాగియున్నది! వేగమైన అల్లికలను ‘కొతెకాన్’ అందురు. ఒక స్వరపంక్తిని ఇద్దఱు పంచుకొని, ఒకడు విడిచిన సందులో మఱియొకడు కొట్టును. ఒంటరిగా ఇంట సాధన చేసినచో అది అర్థహీనమైన ముక్కలుగా నుండును. ప్రక్కవాడు కలిసిన క్షణముననే పాట యగును. ఎనిమిది వారములలో విద్యార్థి ప్రవీణుడు కాడు. అయినను ఆ సమాజపు కూడికను తన చేతులతో తెలిసికొనును.

మద్రాసున ఈ రెండును విపరీతముగా నున్నవి. ఇచటి ప్రధాన సంగీతోత్సవములు డిసెంబరులో. 1927 డిసెంబరున మద్రాసు కాంగ్రెసు మహాసభతో పాటు జరిగిన అఖిల భారత సంగీత సభ నుండి 1928లో మ్యూజిక్ అకాడమీ పుట్టినది; కచేరీల ఋతువు క్రమముగా ఆ నెల చుట్టును పెరిగినది. ఆనాటి కాంగ్రెసు సభలు క్రిస్మస్ సెలవులలో జరుగుట వాడుక. అనగా మన కచేరీ ఋతువునకును ఒక సెలవే మూలము, కాని అది వేఱొక సెలవు. తిరువయ్యారులో త్యాగరాజారాధన పుష్య బహుళ పంచమినాడు, తఱచు జనవరిలో, వచ్చును. అప్పటికి అమెరికా విద్యార్థి తరగతిలో నుండును. జూన్ నెల మద్రాసులో కచేరీలు లేవనుట కాదు. ఊరంతయు సంగీతమైన దినములు అవి కావు. ఇక శిక్షణ సంగతి: సరళీ వరుసలు, జంట వరుసలు, అలంకారములు, గీతములు, ఒక్కడే, ఒక గురువు ముందు. ఎనిమిది వారములు గడచుసరికి మాయామాళవగౌళ దాటకపోవచ్చును.

దానికి తోడు భాష. తమిళనాట పెరిగిన ఈ సంగీతములో త్యాగరాజు కృతులును, క్షేత్రయ్య పదములును తెలుగులో నున్నవి. వెస్లియన్‌లో నేర్పిన టి. రంగనాథన్, టి. విశ్వనాథన్, వారి సోదరి బాలసరస్వతి ముగ్గురును వీణ ధనమ్మాళ్ మనుమలు. ఆ యింటి పేరు పదములతో ముడిపడినది. బాలసరస్వతి ఒక్క చరణమును పలు విధముల అభినయించుచుండగా సముద్రమునకు ఆవలి శిష్యులు చూచి నేర్చిరి. కాని నాయిక ఏకవచనమున పిలిచినదా, బహువచనమున పిలిచినదా, ఆ గౌరవము నిజమా, ఎత్తిపొడుపా అనునది క్రియారూపములో నుండును, రాగమువలన తెలియదు.

జాన్ హిగ్గిన్స్ ఈ యడ్డంకిని దాటినవాడు. విశ్వనాథన్ శిష్యుడై, 1960 దశకమున ఫుల్‌బ్రైట్ వేతనముతో మద్రాసు వచ్చి, తిరువయ్యారు ఆరాధనలో పాడి, భాగవతార్ అని పిలిపించుకొనెను. 1971 నుండి టొరంటోలోని యార్క్ విశ్వవిద్యాలయమున తిరుచ్చి శంకరన్‌తో కలిసి కర్ణాటక సంగీతమునకు స్థానము కల్పించి, 1984లో అకాలమరణము నొందెను. ఆతని ధ్వనిముద్రణములలో సాహిత్యము విడివిడిగా వినబడును. అయితే ఆతడు ఒక్క వేసవికి వచ్చిపోయినవాడు కాడు.

ఆశ్చర్యమేమనగా, పంచాంగమునే కదలించినవారును కలరు. క్లీవ్‌లాండ్ నగరమున 1978 నుండి త్యాగరాజారాధన ఈస్టరు దినముల చుట్టు జరుగుచున్నది. అచట పాడు పిల్లలలో తమిళుల బిడ్డలును, తెలుగువారి బిడ్డలును కలరు. సాహిత్యము తఱచు ఇంగ్లీషు లిపిలో వారి చేతికి వచ్చుచున్నది.

ఇచట తెలుగు శాఖల పాత్రను అడుగవలసియున్నది. కృతి సంగీత శాఖదనియు, పదము నాట్యశాఖదనియు మనము చేతులు దులుపుకొంటిమి. రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారివలె రెండు విద్యలను ఒక్కచోట నిలిపినవారు నియమము కాక అపవాదమైరి. ఎనిమిది వారములలో కంఠము తయారు కాదు; స్వరజ్ఞానము ముందే కలవానికి సాహిత్యము తయారు కాగలదు. ఘనరాగ పంచరత్నములలో నాటరాగ కృతి సంస్కృతము. గౌళ, ఆరభి, వరాళి, శ్రీరాగ కృతులు తెలుగు. ఆ నాలుగింటి అన్వయము, సంధులు, సంబోధనలు, ఒక్కొక్క చరణమున కర్త యెవరు, క్రియ యెచట ముగిసినది, తాళమునకై పదము ఎచట విఱిగినది అను పాఠమునకు ఒక వేసవి సరిపోవును. దానిని చెప్పవలసినవాడు తెలుగు అధ్యాపకుడు.