సమత: భూమి హక్కు నుంచి పర్యావరణ న్యాయానికి

1. ఉపోద్ఘాతం

పర్యావరణ ఉద్యమాన్ని అడవినీ వన్యప్రాణులనూ కాపాడే ప్రయత్నంగా మాత్రమే భావించడం పరిపాటి. విశాఖ మన్యంలో గిరిజనుల పక్షాన నిలిచిన 'సమత' సంస్థ చరిత్ర ఈ భావనకు సవరణ అవసరమని తెలుపుతుంది. ఆ సంస్థ న్యాయపోరాటానికి మూలం భూమి హక్కు. అది పర్యావరణ న్యాయంగా విస్తరించిన తీరును పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. నేపథ్యం

రాజ్యాంగంలోని ఐదవ షెడ్యూలు గిరిజన ప్రాంతాల భూములకు ప్రత్యేక రక్షణ కల్పించింది. 1959 నాటి భూబదలాయింపు నిబంధనలను 1970లో సవరించడంతో షెడ్యూల్డు ప్రాంతంలోని స్థిరాస్తిని గిరిజనేతరులకు బదిలీ చేయడం నిషిద్ధమైంది. '1/70 చట్టం'గా వ్యవహారంలో ఉన్నది ఇదే. అయినప్పటికీ అనంతగిరి మండలంలోని బొర్రా పరిసర గ్రామాలలో ప్రభుత్వమే గిరిజనేతరులకు గనుల లీజులు మంజూరు చేసింది. గిరిజనుడు అమ్మరాని భూమిని ప్రభుత్వం లీజుకివ్వవచ్చునా అన్నదే ఇక్కడి మౌలిక ప్రశ్న.

3. 'వ్యక్తి' పదం - న్యాయనిర్ణయం

హైకోర్టులో ఊరట లభించకపోవడంతో సమత సుప్రీంకోర్టును ఆశ్రయించింది. వాదం ప్రధానంగా చట్టంలోని 'వ్యక్తి' అన్న పదం చుట్టూ నడిచింది. 1997 జూలై 11న న్యాయమూర్తులు కె. రామస్వామి, ఎస్. సగీర్ అహ్మద్ ఆ పదంలో ప్రభుత్వం కూడా చేరుతుందని నిర్ణయించారు, జి.బి. పట్నాయక్ విభేదించారు. ఫలితంగా గిరిజనేతరులకిచ్చిన లీజులు చెల్లకుండా పోయాయి. అటవీ, పర్యావరణ పరిరక్షణ చట్టాల పాలననూ, నికరలాభంలో కనీసం 20 శాతాన్ని స్థానికుల నీరు, విద్య, వైద్యం, రహదారుల వంటి అవసరాలకు కేటాయించడాన్నీ తీర్పు నిర్దేశించింది. భూమి, జీవనం, ప్రకృతి ఒకే న్యాయసూత్రంలో కలిసినది ఇక్కడే.

4. తీర్పు పరిమితి

ప్రభుత్వసంస్థలు, గిరిజన సహకార సంఘాలు తవ్వకాలు జరపడానికి తీర్పు అవకాశమిచ్చింది. 2005లో బాక్సైటు తవ్వకం ప్రభుత్వసంస్థకూ, శుద్ధి కర్మాగారం ప్రైవేటు సంస్థకూ దక్కేలా కుదిరిన ఒప్పందం ఈ వెసులుబాటుపైనే ఆధారపడింది. యాజమాన్యం మారినంత మాత్రాన కొండకు, ఊటలకు కలిగే నష్టం మారదు. కనుక భూమి హక్కు ఒక్కటే చాలదన్న ఎరుక ఈ దశలో మరింత బలపడవలసి వచ్చింది.

5. ముగింపు

సమత పోరాటం భూమి ఎవరిదన్న ప్రశ్నతో మొదలై, ఆ భూమి ఏమవుతుందన్న ప్రశ్నకు దారితీసింది. మొదటిదానికి న్యాయస్థానం సమాధానమిచ్చింది. రెండవదానిని నిర్ణయించే అధికారం గ్రామసభకు నిజంగా దక్కినప్పుడే ఆ తీర్పు సంపూర్ణమవుతుంది.