ప్రతిరక్షకముల పుట్టుపూర్వోత్తరములు

కుక్క కరచినదనగానే పాతతరపు భాగ్యనగరవాసులకు స్ఫురించు చోటు నారాయణగూడలోని ఐ.పి.ఎం. ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్ అను నిండుపేరు పలుకువారు అరుదు. గొఱ్ఱెమెదడునందు పెంచిన టీకామందును బొడ్డుచుట్టు దినమునకొక సూదిగా పొడిపించుకొనిన ఆ కాలపు జనులు, విషమును చంపునది ఆ మందేయని నమ్ముచుండిరి. కాని మందు చంపునది ఏమియు లేదు, శరీరమున ముందుగనే నిదురించుచున్న కణములను మేలుకొలుపుటయే దాని పని. ఈ చిన్న సత్యమును గ్రహించుటకు శాస్త్రజ్ఞులకు డెబ్బదియేండ్లకు పైగా పట్టెను.

1885 జూలై 6న తొమ్మిదేండ్ల జోసెఫ్ మైస్టరుకు టీకా నారంభించి ప్రాణము నిలిపిన లూయీ పాశ్చరునకు సైతము ఆ రక్షణ ఎందుండి వచ్చినదో తెలియదు. 1890లో బెర్లినున బేరింగు, కితసాతో అను ఇరువురు, ధనుర్వాత విషమునకు తట్టుకొన నేర్చిన జంతువు రక్తరసమును మఱియొక జంతువున కెక్కించి, రక్షణ ఆ రసమునందే కలదని నిరూపించిరి. ఆ రసమందలి రక్షక పదార్థమే ప్రతిరక్షకము (యాంటీబాడీ). శత్రువే అచ్చుగా, దానిపై పోతపోసినట్లు ప్రతిరక్షకము రూపొందునని 1940లో పౌలింగు వాదింపగా, 1957లో బర్నెట్టు దానిని తలక్రిందులు చేసి, తగిన కణము ముందే యుండుననియు, శత్రువు వచ్చి దానిని ఎన్నుకొనుననియు, ఎన్నికైన కణమే వేలకువేలుగా వృద్ధిపొందుననియు ప్రతిపాదించెను.

రూపమును తెలిపినవారు పోర్టరు, ఎడెల్మను. బొప్పాయిపాలలోని పపేయినుతో పోర్టరు ప్రతిరక్షకమును మూడు తునకలు చేసెను. అందలి శృంఖలలను ఎడెల్మను విడదీసెను. 1972లో ఇరువురును నోబెల్ బహుమతి నందిరి. రెండు గురుశృంఖలలు, రెండు లఘుశృంఖలలు కూడిన పంగలకఱ్ఱ వంటిది ఆ యణువు: పంగల కొసలు శత్రువును పట్టును, కాడ భక్షకకణములను పిలుచును.

ఇరువదివేల జన్యువులకు మించని మానవునకు కోటానుకోట్ల పంగలకొసలు ఎట్లు సమకూరెను? హల్లులు, అచ్చులు కలియగా గుణింతమంతయు ఏర్పడునట్లు, జన్యువుల తునకలు కణకణమున వేఱువేఱు వరుసల కూడుకొనుననియు, అందుచే వైవిధ్యము కలుగుననియు 1976లో టొనెగావా చూపెను; 1987లో నోబెల్ బహుమతి నందెను.

ఎన్నికైన కణము పెరిగి తగినన్ని ప్రతిరక్షకములను స్రవించుటకు వారము, పదిదినములు పట్టును. కుక్కకాటుతో సోకు జలభీతి (రేబిస్) క్రిమికి అంత గడువీయరాదు. కనుకనే లోతైన గాయములందు టీకాతోపాటు సిద్ధముగానున్న ప్రతిరక్షకములను, అనగా రేబిస్ ఇమ్యూనోగ్లోబులినును, గాయములోనే ఎక్కింతురు. ఎరవు తెచ్చిన ఈ రక్షణ బేరింగు రక్తరసమునకు వారసత్వము. గొఱ్ఱెమెదడు టీకా మనదేశమున 2004తో ముగిసినది. బొడ్డుసూదుల భయము తీఱి, నేడు కణవర్ధనమున సిద్ధమైన మందును జబ్బకే వేయుచున్నారు.

కుక్క కరచినచో పసుపు, కారము అద్దక, పదునైదు నిమిషములు సబ్బునీటితో గాయమును కడిగి, ఆనాడే సూది వేయించుకొనుడు. కణములు సిద్ధముగనే యున్నవి. వానిని మేలుకొలుపుటయందు జాగు మనది కారాదు.