దూలములోని నెరియ

తిన్నయింటి వాసాలు లెక్కపెట్టుట నానుడిలో నింద. నేను పుట్టినింటి వాసాలనే లెక్కింపవలసి వచ్చినది. కోనసీమలోని మా పెంకుటింటి నడిమి దూలము నిలువునా నెరియ విచ్చినదనీ, పడగొట్టి స్లాబు వేయుటే శరణ్యమనీ మా తమ్ముడు పట్టుబట్టినాడు.

ఆ దూలము బర్మా టేకు. గోదావరి ఆనకట్ట 1847లో మొదలై 1852లో పూర్తయినది. కాలువల నీటికి వరి పండి నాలుగు రాళ్ళు చేరగా, తాటిదూలాల ఇండ్లవారు టేకుకు ఆశపడినారు. ఆ 1852లోనే ఇంగ్లీషువారు దిగువ బర్మాను కలుపుకొన్నారు. అక్కడి మానులు ఓడలలో మన రేవులకు వచ్చెడివి. మనవారు కూలికి అటు పోయెడివారు. కోరంగి రేవున ఓడ ఎక్కిన పాపానికి తెలుగువారందరినీ బర్మావారు ‘కొరంగీ’లన్నారు! మనుషులు పోయిన త్రోవనే మానులు వచ్చినవన్నమాట.

మా ఊరి వృద్ధ వడ్రంగి నిచ్చెనెక్కి, కొననుండి కొనకు నూలు పట్టి చూచినాడు. దూలము వంగలేదు. నెరియలో దీపము చూపి, “మాష్టారూ, లోపల సున్నం చూడండి” అన్నాడు. ఏనాడో గోడలకు వెల్లవేయునప్పుడు చిందిన సున్నమది. అనగా ఆ పగులు మా నాన్నగారి కాలమునాటికే ఉన్నది. క్రొత్త పగులైనచో లోపలి చెక్క తాజాగా మెరయును.

మాను ఆరునప్పుడు వలయాల వెంబడి ఎక్కువగా కుంచించుకొనును. అందుచేత పైనుండి గుండెవైపు నెరియ విచ్చును. నార వెంట నిడివిగా పోయి, లోపల నడిమికే ఆగిన నెరియవలన సాధారణముగా భయము లేదు. నారను అడ్డముగా తెంపిన పగులు వేరు. అదియు దూలము నడిమిన, అడుగు అంచున ఉన్నచో మరీ ప్రమాదము. బరువు దూలమును సాగదీయునది అక్కడనే.

అసలు రోగము మేము చూడని చోట ఉన్నది. గోడలో దాగిన పడమటి కొనను బాడిస వెనుకతో తట్టగా మొద్దు చప్పుడు వచ్చినది. దబ్బనము పిడిదాక దిగినది. 1996 నవంబరు తుపానులో పెంకులెగిరి గోడ తడిసినప్పుడు, నేనే దగ్గరుండి ఆ కొనచుట్టూ సిమెంటు కూరించినాను. సున్నపుగార చెమ్మను పీల్చి వదలును. సిమెంటు దానిని లోపలనే బంధించినది. పండితుడనన్న మాటేగాని ఆ మాత్రము తెలియలేదు.

ఊతగుంజలు నిలిపి, బరువు దించి, పుచ్చిన అడుగున్నర కోసివేసినాడు. చేవగల పాతటేకు ముక్కను ఏటవాలు అతుకుతో చేర్చి, ఇరుప్రక్కల ఇనుపపట్టీలు బోల్టులతో బిగించినాడు. కొన క్రింద రాతిపలక, చుట్టూ గాలియాడుటకు వేలెడు సందు. నెరియలో మాత్రము ఏమియు కూరవద్దన్నాడు.

వానకాలము వెళ్ళినది. తమ్ముడింకను స్లాబు మాట విడువలేదు. పడమటి గదిమీద రెండు పెంకులు మార్పించవలసియున్నది.