హెచ్చరిక
కలువాయి వైపు ట్రాన్స్‌ఫార్మర్ల మీద పుర్రె బొమ్మ కింద ఎర్రక్షరాల్లో కనిపించే మాట 'హెచ్చరిక'. అదే మాట పాత తెలుగు బైబిల్లో, హెబ్రీయుల పత్రికలో కూడిక మానొద్దని చెప్పేచోట ఎదురయ్యేసరికి ఒక కుర్రాడు అడిగాడు: "ఏందన్నా, కూడికకు రానోళ్లను బెదిరించమనా?" కాదబ్బాయ్. కన్నడంలో 'ఎచ్చర' అంటే మెలకువ, తమిళంలో 'ఎచ్చరిక్కై' ఉంది, తెలుగులో 'ఎచ్చరిక' అనే రూపమూ ఉంది. మెలకువగా ఉంచడమే దీని పని. కొలువుకు రాజు వస్తుంటే ముందు నడిచేవాళ్లు హెచ్చరిక పలికేవాళ్లు. త్యాగరాజు ఉత్సవ సంప్రదాయ కీర్తనల్లో రాముడికీ హెచ్చరిక పాడాడు. బైబిలు అనువాదకులు పట్టుకున్నది ఈ పాత అర్థాన్నే. అక్కడి గ్రీకు మాట 'పరకలెయో', దగ్గరికి పిలవడం. పరిశుద్ధాత్మను పిలిచే 'ఆదరణకర్త'కు మూలమైన మాటా దాని చుట్టమే. బర్నబా అనే తొలినాటి విశ్వాసి పేరుకు 'హెచ్చరిక పుత్రుడు' అని అర్థం రాసిందీ ఈ లెక్కనే. ఆయన ఎవరినీ బెదిరించలేదు, పొలం అమ్మి ఆ డబ్బు అపొస్తలుల పాదాల దగ్గర పెట్టాడు. కొత్త అనువాదాల్లో 'ప్రోత్సహించు' వచ్చింది. సుళువుగా అర్థమవుతుంది గానీ, అందులో ఉత్సాహమే ఉంది, మెలకువ లేదు. ఆరాధనలో కునుకుతున్నవాణ్ణి మోచేత్తో పొడిచి పాటలో కలుపుకునే పక్కవాడు చేసేది మాత్రం అచ్చమైన హెచ్చరికే.