వదిలి వెళ్లడానికి ఎంత?

మన దేశంలో పది మొబైల్ కనెక్షన్లలో తొమ్మిదికి పైగా ప్రీపెయిడ్. అమెరికాలో ఈ లెక్క తిరగబడుతుంది. ఇక్కడ ఫోనంటే నెలనెలా వచ్చే బిల్లు, ప్రీపెయిడ్‌ది పక్క వరస. పిల్లల్ని చదువుకి ఇటు పంపే గుంటూరు, వరంగల్ తల్లిదండ్రులు దీనికి చెప్పుకునే కారణం ఒక్కటే: అది డబ్బున్న దేశం, బిల్లు కట్టే స్తోమత ఉంది. ఆ కారణం నిలబడదు. ఇటలీ కూడా డబ్బున్న దేశమే, అయినా అక్కడ ఏళ్ల తరబడి అత్యధికులు ప్రీపెయిడే వాడారు. అమెరికాకి బిల్లు అలవాటు కావడం వెనక జనం అభిరుచి కొంతే, చరిత్ర చాలా ఉంది. అది తెలిస్తే, ఏ ప్లాన్ చవక అని అడిగేముందు, దాన్ని వదిలి వెళ్లాలంటే ఎంతవుతుందని అడగాలనిపిస్తుంది. ఈ వ్యాసంలో నా వాదన అదే.

1983 అక్టోబరు 13న చికాగోలో అమెరికా తొలి వాణిజ్య సెల్యులర్ సేవ మొదలైంది. అప్పటి మోటరోలా ఫోన్ ధర 3,995 డాలర్లు. ఆ తర్వాత మూడు నెలలైనా తిరక్కుండా, 1984 జనవరి 1న, దేశంలో చాలాభాగం టెలిఫోన్లని ఒంటిచేత్తో నడిపిన పాత ఏటీ అండ్ టీ విడిపోయి, స్థానిక సేవలు ఏడు ప్రాంతీయ కంపెనీల చేతికి వెళ్లాయి. సెల్యులర్‌కి ప్రతి ప్రాంతంలో లైసెన్సులు రెండే: ఒకటి అక్కడి పాత టెలిఫోన్ కంపెనీకి, రెండోది బయటివాళ్లకి. ఇవన్నీ పెద్ద సంగతులు. కానీ జనం జేబు మీద ఎక్కువకాలం ప్రభావం చూపింది మాత్రం చూడ్డానికి గుమాస్తా పనిలా కనిపించే ఒక ఏర్పాటు. సెల్ ఫోన్లకి విడిగా నెంబర్ల వరస ఇవ్వలేదు. ఊళ్లో ల్యాండ్‌లైన్లకి ఇచ్చినట్టే, అదే ఏరియా కోడ్‌లో ఇచ్చారు. మన దగ్గర 98తోనో 94తోనో మొదలైతే అది సెల్లని చూడగానే తెలిసిపోయేది. ఇక్కడ తెలియదు. అవతలిది సెల్లో కాదో తెలియనివాడి మీద అదనపు ఛార్జీ వేయడం న్యాయం అనిపించుకోదు. అందుకని తను చేసినా, తనకి వచ్చినా ప్రతి నిమిషానికీ సెల్ ఉన్నవాడే కట్టాలన్న పద్ధతి స్థిరపడింది. సెల్ ఫోన్లకి వేరే ఏరియా కోడ్ కేటాయించాలని చికాగో ప్రాంతంలో ఒక ప్రయత్నం జరిగితే, అది ఒక వర్గం కంపెనీల మీద వివక్ష అవుతుందని 1995లో ఎఫ్‌సీసీ, అంటే ఇక్కడి కేంద్ర టెలికాం నియంత్రణ సంస్థ, తోసిపుచ్చింది.

మనకీ మొదట్లో ఇన్‌కమింగ్‌కి డబ్బులు పడేవి, పెద్దవాళ్లకి గుర్తుండే ఉంటుంది. 2003 మే 1 నుంచి చేసినవాడే చెల్లించే పద్ధతి వచ్చింది. ఆ తర్వాతే ప్రీపెయిడ్ పల్లెలకి పాకింది. బ్యాలెన్స్ సున్నా అయినా ఫోన్ మోగేది, కూలిపనికి పిలుపు వచ్చేది, ఊరికే మిస్డ్ కాల్ ఇస్తే అవతలివాళ్లే చేసేవారు. పేదవాడికి ప్రీపెయిడ్ ఇచ్చిన అసలు లాభం ఇది. అమెరికాలో ఆ లాభం పుట్టనే లేదు. బ్యాలెన్స్ అయిపోతే ఫోన్ మోగేది కాదు. మిస్డ్ కాల్ అనే ఆచారమే లేదు, ఎందుకంటే ఎత్తితే ఇద్దరికీ ఖర్చయ్యేది. అలాంటి చోట నిమిషాల్ని చిల్లరగా కొనడం కన్నా నెలకి ఇన్నని టోకుగా కొనడం నయమనిపించింది. 1998లో ఏటీ అండ్ టీ నెలకి 89.99 డాలర్లకి 600 నిమిషాలు, రోమింగ్ లేదు, దూరపు కాల్ ఛార్జీ లేదు అంటూ ప్లాన్ పెట్టి ఈ టోకు బేరాన్ని దేశమంతటా అలవాటు చేసింది. ఇప్పుడు కాల్స్‌కి లెక్కే లేదు, ఇన్‌కమింగ్ గొడవ ఎప్పుడో సద్దుమణిగింది. బిల్లు మాత్రం ఉండిపోయింది.

రెండో కారణం అప్పు చరిత్ర. పోస్ట్‌పెయిడ్ అంటే ముందు వాడుకుని తర్వాత కట్టడం, అంటే చిన్నపాటి అప్పు. ఈ దేశంలో అప్పు ఇచ్చేముందు క్రెడిట్ స్కోరు చూస్తారు. 1989లో వచ్చిన ఫైకో స్కోరు తర్వాత ఇది ఇంటి అద్దె దాకా విస్తరించింది. సోషల్ సెక్యూరిటీ నెంబరు లేని, ఇక్కడ ఒక్క అప్పూ తీర్చిన దాఖలా లేని కొత్తవాడికి స్కోరే ఉండదు. హైదరాబాదులో పదేళ్లు క్రమం తప్పకుండా బిల్లు కట్టిన సంగతి ఇక్కడి కంప్యూటరుకి ఎక్కదు. అలాంటివాణ్ణి డిపాజిట్ కట్టమంటారు, లేదా ప్రీపెయిడ్ తీసుకోమంటారు. 1996లో మయామిలో పుట్టిన ట్రాక్‌ఫోన్, ఆ తర్వాత వచ్చిన క్రికెట్, మెట్రోపీసీఎస్ వంటివి పెరిగింది ఈ వాకిట్లోనే: వలస వచ్చినవాళ్లు, దినసరి జీతగాళ్లు, స్కోరు దెబ్బతిన్నవాళ్లు. కిరాణా కొట్లలో, పెట్రోలు బంకుల్లో కార్డులు అమ్ముడయ్యేవి. ప్రీపెయిడ్ అంటే బిల్లు దొరకనివాళ్లు వాడేదన్న ముద్ర అలా పడింది. ఆ ముద్ర ఎంత గట్టిదంటే, మన తెలుగువాళ్లు కూడా వచ్చిన రెండేళ్లకి పోస్ట్‌పెయిడ్‌కి మారడాన్ని స్థిరపడ్డామనడానికి ఒక గుర్తుగా చూస్తారు. నిజానికి కొత్తగా ఒక తాడు మెడకి తగిలించుకోవడం కూడా అందులో ఉందని ఎవరూ చెప్పరు.

ఆ తాడు ఇప్పటికి చాలా రూపాలు మార్చింది. మొదట్లో తాడు నెంబరే. కంపెనీ మారితే నెంబరు పోయేది. వ్యాపారస్థుడికి, డాక్టరుకి అదే పెద్ద జరిమానా. 1996 టెలికాం చట్టం ల్యాండ్‌లైన్ కంపెనీలు నెంబరుని వదలాలని శాసించింది, అదే ఏడాది ఎఫ్‌సీసీ సెల్ కంపెనీలకీ ఆ నియమం వర్తింపజేసింది. గడువు 1999. కంపెనీలు దాన్ని వాయిదా మీద వాయిదా వేయించాయి, కోర్టుకీ వెళ్లాయి, 2003 జూన్‌లో ఓడాయి. చివరికి 2003 నవంబరు 24న వంద పెద్ద నగరాల ప్రాంతాల్లో, మరుసటి ఏడు మే 24 నాటికి మిగతా దేశంలో నెంబరు జనం చేతికి వచ్చింది. మనకి ఇది 2010 నవంబరు 25న హర్యానాలో మొదలై 2011 జనవరి 20కి దేశమంతా అమలైంది. ఒక విషయంలో మాత్రం అమెరికా నియమం మనకన్నా ఉదారం. మన దగ్గర పోస్ట్‌పెయిడ్ బాకీ ఉంటే నెంబరు బదిలీని తిరస్కరించవచ్చు. ఇక్కడ బాకీ ఉన్నా నెంబరు ఆపడానికి వీల్లేదు. బాకీ కోసం వెంటపడొచ్చు, నెంబరుని తాకట్టు పెట్టుకోకూడదు.

చెరువుకి ఒకచోట గండి పూడిస్తే నీళ్లు ఇంకోచోట కట్ట తెంపినట్టు, ఆ తర్వాత కథ నడిచింది. నెంబరు చేజారగానే కంపెనీల బలమంతా రెండేళ్ల కాంట్రాక్టుకి మళ్లింది. ఫోన్ సగం ధరకిచ్చి, మధ్యలో వెళ్తే 175, 200 డాలర్ల జరిమానా పెట్టారు. 2009లో వెరైజన్ స్మార్ట్‌ఫోన్లకి దాన్ని 350 చేసింది. కాంట్రాక్టు ముగిసినా ఫోన్‌కి లాక్ ఉండేది, ఇంకో కంపెనీ సిమ్ వేస్తే పనిచేసేది కాదు. ఆ లాక్ తీసుకోవడం కాపీరైట్ చట్టం కింద తప్పవుతుందని 2013 జనవరి నుంచి నియమం వచ్చింది. కొనుక్కున్న ఫోన్‌కి కాపీరైట్ ఏమిటని నవ్వొస్తుంది గానీ, అది వినోదం కాదు, చట్టం. లక్షమందికి పైగా వైట్‌హౌస్‌కి అర్జీ పెట్టుకుంటే 2014 ఆగస్టు 1న దాన్ని సరిదిద్దుతూ కొత్త చట్టం మీద ఒబామా సంతకం చేశాడు. ఈలోగా 2013 మార్చిలో టీ-మొబైల్ కాంట్రాక్టులే ఎత్తేసింది, రెండు మూడేళ్లలో మిగతావాళ్లూ అదే దారి పట్టారు. స్వేచ్ఛ వచ్చేసిందని పత్రికలు రాశాయి. కానీ కాంట్రాక్టు ఉన్న చోటికి వాయిదాల పద్ధతి వచ్చి కూర్చుంది.

ఈ వాయిదాల దగ్గరే నాకు వచ్చే మొదటి అభ్యంతరానికి సమాధానం చెప్పాలి. పోస్ట్‌పెయిడ్‌లో ఫోన్ ఉచితంగా వస్తుంది కదా అంటారు. రాదు. 720 డాలర్ల ఫోన్ అనుకుందాం. 36 నెలలకి పంచితే నెలకి 20. ఆ 20 బిల్లులో వేసి, పక్కనే 20 తగ్గిస్తారు. పద్నాలుగు నెలలకి వెళ్లిపోతే తగ్గింపు ఆగుతుంది, మిగిలిన 440 మీ నెత్తిన పడుతుంది. ఉచిత ఫోన్ దక్కే ప్లాన్ మామూలు ప్రీపెయిడ్ కన్నా నెలకి 30 ఎక్కువైతే మూడేళ్లలో 1,080 డాలర్లు, 720 ఫోన్‌కి. జరిమానా అన్న మాట బిల్లులో ఎక్కడా కనిపించదు, కానీ 440 అనేది పాత 350 కన్నా పెద్ద అంకె. ఈ సంగతి ఇక్కడే పుట్టి పెరిగినవాడికి అంత బరువు కాకపోవచ్చు. మనవాళ్లకి బరువే. హెచ్-1బీ మీద ఉన్నవాడి ఉద్యోగం పోతే ఇంకోటి వెతుక్కోడానికి గరిష్ఠంగా 60 రోజులు. దేశంలో తను ఎన్నాళ్లుంటాడో తెలియనివాడు 36 నెలల వాయిదాకి సంతకం పెడుతున్నాడన్నమాట. సామాన్లు సర్దుకునే నెలలో ఫోన్ బాకీ కూడా ఒక ముడి అవుతుంది.

రెండో అభ్యంతరం గట్టిది. నలుగురైదుగురు ఒకే ఫ్యామిలీ ప్లాన్‌లో చేరితే తలకి పడేది బాగా తగ్గుతుంది, విద్యార్థులు రూమ్మేట్లతో కలిసి చేసేది ఇదే. పైగా టవర్ దగ్గర రద్దీ పెరిగితే చాలా ప్రీపెయిడ్ ప్లాన్ల డేటాని వెనక్కి నెట్టి పోస్ట్‌పెయిడ్ వాళ్లకి ముందు ఇస్తారు. ఈ రెండూ నిజాలే. ఇంట్లో నలుగురు, ఊరు మారే ఆలోచన లేదు, ఆటల స్టేడియంలోనూ నెట్ కావాలంటే పోస్ట్‌పెయిడే మేలు, అందులో వాదించేదేం లేదు. కానీ రూమ్మేట్ల ప్లాన్‌లో ఖాతా ఒకడి పేరు మీద ఉంటుంది. మిగిలినవాళ్లు ఉద్యోగాలొచ్చి నాలుగు రాష్ట్రాలకి చెదిరాక బిల్లుకీ, క్రెడిట్ స్కోరుకీ జవాబుదారీ వాడే. మిగతావాళ్లు తమ నెంబరు తీసుకెళ్లాలన్నా ఖాతా వివరాలకి, బదిలీ పిన్‌కి వాణ్ణే అడగాలి. చవకని కొలిచేటప్పుడు ఈ ఇబ్బందిని కూడా తూకంలో వేయాలి.

ప్రీపెయిడ్ నేరస్థులకి అనువు అన్న మాట కూడా ఉంది. అమెరికాలో నగదిచ్చి, గుర్తింపు కార్డు చూపకుండా సిమ్ కొనుక్కోవచ్చు. ఆధార్ వేలిముద్రలకి అలవాటుపడ్డవాళ్లకి ఇది వింతే. 2010లో టైమ్స్ స్క్వేర్ బాంబు ప్రయత్నం తర్వాత ప్రీపెయిడ్ కొనేవాళ్ల గుర్తింపు తప్పనిసరి చేయాలని ఇద్దరు సెనెటర్లు, ఒకరు డెమొక్రాట్, ఒకరు రిపబ్లికన్, బిల్లు పెట్టారు. అది చట్టం కాలేదు. గుర్తింపు పత్రాలు చేతిలో లేని పేదలు చాలామందికి ఫోన్ అందేది ఆ ప్రీపెయిడ్ ద్వారానే కాబట్టి, కాకపోవడం మంచిదేనని నా అభిప్రాయం.

నా వాదనకి అసలు చిక్కు ఇంకోచోట ఉంది. ప్రీపెయిడ్ అంటే వదిలి వెళ్లే స్వేచ్ఛ అన్నట్టు మాట్లాడాను, కానీ ఆ స్వేచ్ఛ ఇప్పుడెవరి చేతిలో ఉంది? మెట్రోపీసీఎస్‌ని 2013లో టీ-మొబైల్ కలుపుకుంది, మరుసటేడు క్రికెట్‌ని ఏటీ అండ్ టీ కొంది, 2021లో ట్రాక్‌ఫోన్‌ని వెరైజన్ తీసుకుంది, 2024లో మింట్ అనే ప్రీపెయిడ్ కంపెనీ కూడా టీ-మొబైల్‌లో చేరింది. 2020లో స్ప్రింట్ టీ-మొబైల్‌లో విలీనమయ్యాక దేశమంతటా నెట్‌వర్క్ ఉన్న పెద్ద కంపెనీలు మూడే మిగిలాయి. పేర్లు ఎన్ని ఉన్నా టవర్లు ఎక్కువగా ఆ ముగ్గురివే. పైగా ప్రీపెయిడ్ కొట్లో తక్కువ ధరకి ఇచ్చే ఫోన్‌కీ లాక్ ఉంటుంది. కంపెనీలు తమకి తాము రాసుకున్న నియమావళి ప్రకారం అది ఏడాది దాకా ఉండొచ్చు. అన్ని కంపెనీలూ 60 రోజుల్లో లాక్ తీయాలని 2024 జులైలో ఎఫ్‌సీసీ ఒక ప్రతిపాదన చేసింది గానీ, ప్రతిపాదన వేరు, నియమం వేరు. కాబట్టి ప్రీపెయిడ్ ప్లాన్ ఇచ్చే వెసులుబాటు పూర్తిగా దక్కాలంటే ఫోన్ సొంతదై, లాక్ లేనిదై ఉండాలి. మన దేశంలో కొన్న ఫోన్లకి సాధారణంగా లాక్ ఉండదు, అది మనకి కలిసొచ్చేదే. కాకపోతే 2022లో ఇక్కడ 3జీ మూతపడ్డాక కాల్స్ కూడా చాలావరకు 4జీ మీదే వెళ్లాలి, తమ జాబితాలో లేని మోడల్‌ని ఒప్పుకోని కంపెనీలు ఉన్నాయి. పెట్టె సర్దేముందు ఆ మోడల్ నెంబరుని కంపెనీ సైట్లో ఒకసారి సరిచూసుకోవడం మంచిది.